బండ, పైపు, గోబర్ గ్యాస్: మీ పొయ్యికి ఏది సరిపోతుందో లెక్క కట్టి తేల్చుకోవడం ఎలా

సిలిండర్‌కు ఒక్కో బండ చొప్పున డబ్బు కడతాం. పైపు గ్యాస్‌కు మీటరు తిరిగినంత కడతాం. గోబర్ గ్యాస్‌కు రోజూ పేడ మోస్తాం. మూడు కొలతలూ వేరు కాబట్టి "ఏది చవక?" అని అడిగితే పక్కింటివాళ్లు ఒకటి చెబుతారు, ఏజెన్సీవాళ్లు ఇంకొకటి చెబుతారు. అసలు పోల్చాల్సింది గిన్నెలోకి చేరే వేడిని. అది గ్యాస్ రకం మీద ఎంత ఆధారపడుతుందో పొయ్యిలో ఉన్న జెట్ (గ్యాస్ దూసుకొచ్చే చిన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క) మీదా, గ్యాస్ వచ్చే ఒత్తిడి మీదా అంతే ఆధారపడుతుంది. ఈ సంగతి వదిలేసి ధరలు మాత్రమే చూసుకున్న ఇళ్లలోనే "పైపు గ్యాస్ మంట రావట్లేదు", "గోబర్ గ్యాస్ మీద అన్నం ఉడకదు" అనే మాటలు వినిపిస్తాయి.

మూడింటిలో ఉన్నదేమిటి

ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఒత్తిడికి లొంగి బండలో ద్రవంగా ఉంటుంది, బయటికి వస్తే దాదాపు 250 రెట్లు విస్తరించి ఆవిరి అవుతుంది. గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు కాబట్టి లీకైతే నేల మీద పరుచుకుంటుంది. రెగ్యులేటర్ దాటాక పొయ్యికి చేరే ఒత్తిడి 30 మిల్లీబార్.

పైపులో వచ్చే సహజవాయువు, అంటే పీఎన్‌జీలో ఉండేది చాలావరకు మీథేన్. ఆటోల్లో పోసే సీఎన్‌జీ కూడా ఇదే వాయువు, కాకపోతే అక్కడ 200 బార్ దాకా కుదించి పోస్తారు, మీ వంటింటికి 21 మిల్లీబార్ దగ్గర వస్తుంది. గాలి బరువులో సుమారు 60 శాతమే ఉంటుంది కనుక లీకైతే కప్పువైపు లేస్తుంది.

గోబర్ గ్యాస్‌లో మీథేన్ 55 నుంచి 65 శాతం. మిగతాది చాలావరకు మండని కార్బన్ డయాక్సైడ్, కాస్త తేమ, కొద్దిగా కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్. బరువు ఇంచుమించు గాలితో సమానం.

వేడి లెక్కకు ఈ అంకెలు చాలు: ఎల్పీజీ కిలోకు సుమారు 10,900 కిలో కేలరీలు, పీఎన్‌జీ ఒక ఎస్‌సీఎంకు (ప్రామాణిక ఘనపు మీటరుకు) సుమారు 8,300, గోబర్ గ్యాస్ ఘనపు మీటరుకు 4,700 నుంచి 5,000. గ్యాస్ కంపెనీ కాగితాల్లో పీఎన్‌జీకి 9,000 పైన అంకె కనబడితే కంగారు పడకండి. గ్యాస్ మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలో ఉండిపోయే వేడిని కూడా కలిపి చెప్పే లెక్క అది. వంట పొయ్యి మీద ఆ వేడి మనకు దక్కదు. ఒకదానికి ఆ అంకె, రెండోదానికి ఈ అంకె వేసుకుంటే మాత్రం పోలిక మొత్తం తప్పుతుంది.

బండకూ మీటరుకూ లెక్క కుదర్చడం

ఇంట్లో వాడే బండలో 14.2 కిలోలు ఉంటుంది. 14.2ను 10,900తో గుణించి 8,300తో భాగిస్తే 18.6 వస్తుంది. చేతిలెక్కకు 18.5 అనుకోండి: ఒక బండ అంటే 18.5 ఎస్‌సీఎం. ఇక్కడి నుంచి పని తేలిక.

మొదట పోయిన ఏడాది ఎన్ని బండలు బుక్ చేశారో ఫోన్‌లో చూడండి. గుర్తున్నంత చెబితే ఒకటి రెండు తేడా వస్తుంది. ఎనిమిది అనుకుందాం. ఎనిమిది 18.5లు 148 ఎస్‌సీఎం, అది మీ ఏడాది వాడకం.

తరువాత మీ ఊళ్లో ఈ రోజు బండ ధరను 18.5తో భాగించండి. ఊరికే లెక్క కోసం బండ 900 రూపాయలనుకుంటే 48 రూపాయల 65 పైసలు వస్తుంది. పీఎన్‌జీ రేటు అంతకన్నా తక్కువైతే పైపు చవక, ఎక్కువైతే బండ చవక. పీఎన్‌జీ రేటు చూసేటప్పుడు పన్ను కలిపి చూడండి. సహజవాయువు ఇంకా జీఎస్టీలోకి రాలేదు, రాష్ట్రం వేసే వ్యాట్ పడుతుంది. ఇంటి బండకు జీఎస్టీ 5 శాతం.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పీఎన్‌జీ బిల్లులో వాడకంతో సంబంధం లేని రుసుములు ఉంటే వాటిని ఏడాదికి కూడి, మీ 148 మీద పంచండి. ఏడాదికి నాలుగు బండలు కూడా వాడని ఇద్దరున్న ఇంట్లో ఈ చిన్న రుసుములే ఫలితాన్ని తిరగేస్తాయి. ఎనిమిది, పది బండలు వాడే ఉమ్మడి కుటుంబంలో అవి లెక్కలోకే రావు.

పథకాల సంగతీ ఇక్కడే చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో మొదలైన దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు బండలు ఉచితం. తెలంగాణలో మహాలక్ష్మి కింద అర్హులకు బండ 500 రూపాయలకు పడుతుంది. మీకు ఇవి వస్తుంటే పూర్తి ధరతో పోల్చకండి, ఏడాది మొత్తానికి మీ చేతి నుంచి పోయేది ఎంతో వేసి దాన్నే బండల సంఖ్యతో భాగించండి. ఏడాదికి ఆరు బండలు వాడి మూడు ఉచితంగా పొందే ఇంటికి బండ సగటు ధర సగానికి పడిపోతుంది. ఆ ఇంటికి కేవలం డబ్బు కోసం పైపు పెట్టించుకోమని ఎవరు చెప్పినా ఆలోచించాల్సిందే.

గోబర్ గ్యాస్‌కు అంకె ఇది: ఒక ఘనపు మీటరు దాదాపు 0.45 కిలోల ఎల్పీజీతో సమానం. రోజుకు రెండు ఘనపు మీటర్లు నిజంగా వస్తే నెలకు 27 కిలోలు, అంటే రెండు బండలకు కాస్త తక్కువ. "నిజంగా వస్తే" అన్న మాట మీదే మొత్తం లెక్క ఆధారపడి ఉంది, ఆ సంగతి కింద చూద్దాం.

ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లకు ఇంకో మాట. 14.2 కిలోల గ్యాస్‌లోని వేడిలో 65 శాతం గిన్నెకు చేరుతుందనీ, ఇండక్షన్‌లో 85 శాతం చేరుతుందనీ వేస్తే ఒక బండకు దాదాపు 138 యూనిట్ల కరెంటు సమానం. మీ శ్లాబు రేటుతో గుణించి చూసుకోండి. అదనపు వాడకంతో పై శ్లాబులోకి వెళతారేమో కూడా చూడాలి.

మీ పొయ్యి ఎంత వేడిని గిన్నెకు ఇస్తోంది?

పైపు గ్యాస్ ఉన్నవాళ్లు దీన్ని ఇంట్లోనే కొలవచ్చు, మీటరులో చివరి అంకెలు లీటర్లు చూపిస్తాయి కాబట్టి. వెడల్పు అడుగున్న గిన్నెలో సరిగ్గా రెండు లీటర్ల నీళ్లు పోయండి. మూత పెట్టండి. మీటరు రీడింగ్ మూడు దశాంశ స్థానాల దాకా రాసుకుని పెద్ద బర్నర్ వెలిగించండి, నీళ్లు తెర్లడం మొదలవగానే ఆపి మళ్లీ రాసుకోండి. 28 డిగ్రీల నీళ్లు వంద డిగ్రీలకు చేరడానికి కావాల్సింది 144 కిలో కేలరీలు. మీటరు 0.028 తిరిగితే మండింది 232 కిలో కేలరీలు, అంటే 62 శాతం దక్కింది. మంట గిన్నె అంచులు దాటి పైకి ఎగబాకుతుంటే ఇదే పరీక్షలో 0.035 దాకా పోవచ్చు, అంటే 50 శాతం దక్కినట్టు.

ఎల్పీజీలో ఒక్క గిన్నెకు ఖర్చయ్యేది ఇరవై గ్రాముల పైచిలుకే కాబట్టి బండను తూచి పట్టుకోలేం. వారానికోసారి వేలాడే కాటాతో తూచి రాసుకుంటే మాత్రం వాడకం తెలుస్తుంది. పెద్ద బర్నర్ పూర్తిగా తిప్పితే గంటకు 150 నుంచి 200 గ్రాములు పోతుంది. ఐఎస్ఐ గుర్తున్న ఎల్పీజీ పొయ్యికి ప్రమాణం ప్రకారం కనీసం 68 శాతం వేడి గిన్నెకు దక్కాలి. మన వంటింట్లో సాధారణంగా అంతకంటే తక్కువే వస్తుంది, ప్రయోగశాలలో ఫ్యానుగాలి తగలదు, పొంగిన పాలు బర్నర్ రంధ్రాల్లో ఎండిపోవు మరి.

బండ తీసుకునేటప్పుడు గుమ్మంలోనే చూడాల్సినవి

సీలు చూశాక బరువు. బండ మీద ఖాళీ బరువు కిలోల్లో రాసి ఉంటుంది, దానికి 14.2 కలిపితే కాటాలో కనబడాల్సిన అంకె. తూచి చూపించమని అడగడం మీ హక్కు.

బండ పైన పట్టీల లోపలివైపు ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. అది ఆ బండను మళ్లీ పరీక్షించాల్సిన గడువు. ఏ అంటే జనవరి–మార్చి, బీ అంటే ఏప్రిల్–జూన్, సీ అంటే జులై–సెప్టెంబర్, డీ అంటే అక్టోబర్–డిసెంబర్. "బీ-28" అని ఉంటే 2028 జూన్ ఆఖరు దాకా ఫర్వాలేదు. గడువు దాటిందైతే వద్దని వెనక్కి ఇవ్వండి.

ఇక వాల్వు. మూత తీసి వాల్వు నోట్లోకి టార్చి వేసి చూడండి. లోపలి అంచు చుట్టూ నల్లటి రబ్బరు వాషర్ ఉంగరంలా కూర్చుని ఉండాలి. అది లేకపోయినా, చిట్లినా, ఒకపక్కకు జరిగినా రెగ్యులేటర్ బిగించగానే బుస్సుమంటుంది. చాలామంది రెగ్యులేటర్ చెడిపోయిందనుకుని కొత్తది కొంటారు, తప్పు ఆ చిన్న వాషర్‌ది. వాల్వు నోట్లో రెండు చుక్కల నీళ్లు వేస్తే మధ్య పిన్ను దగ్గర బుడగలు వస్తున్నాయా లేదా తెలిసిపోతుంది. వస్తే ఆ బండ తీసుకోవద్దు.

గొట్టం విషయంలో ఆకుపచ్చ ప్లాస్టిక్ పైపుల రోజులు పోయాయి. లోపల ఉక్కు తీగ అల్లిన సురక్షా పైపే వాడండి, పొడవు ఒకటిన్నర మీటరు దాటనివ్వకండి, ఐదేళ్లకు మార్చండి. అరల్లోంచి, గోడ కన్నంలోంచి దూర్చకండి. బండను ఎప్పుడూ నిలబెట్టే వాడాలి, పొయ్యి దానికంటే ఎత్తులో గట్టు మీద ఉండాలి. గ్యాస్ అయిపోవస్తోందని బండను పడుకోబెట్టి ఊపడం చాలా ఇళ్లలో చూస్తాం. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది, అది బయటికొస్తే 250 రెట్లు అవుతుందన్నది గుర్తుంచుకోండి. లంబసింగి, అరకు వంటి చోట్ల చలికాలం పొద్దున్నే మంట మందగిస్తే తప్పు బండది కాదు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, చలి పెరిగేకొద్దీ బండలో ఒత్తిడి పడిపోతుంది. ఎండ పొడ వచ్చేదాకా ఆగడమే మందు, బండను వేడినీళ్లలో పెట్టడం కాదు.

పైపు గ్యాస్ పెట్టించుకునేవాళ్లకు

హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో భాగ్యనగర్ గ్యాస్ ఇళ్లకు సరఫరా చేస్తోంది. ఇతర జిల్లాల్లో వేర్వేరు సంస్థలకు అనుమతులున్నాయి. మీ వీధిలోకి లైను వచ్చిందా అన్నది ముందు తేల్చుకోండి, "త్వరలో వస్తుంది" అన్న మాట మీద బండ కనెక్షన్ వదులుకోకండి.

కోనసీమ వైపు పైపులైను అనగానే 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో జరిగిన పేలుడు గుర్తొస్తుంది, అది సహజమే. కాకపోతే అది ఊళ్ల మీదుగా వెళ్లే అధిక పీడన ప్రధాన లైను. ఇంట్లోకి వచ్చే 21 మిల్లీబార్ గొట్టం వేరే సంగతి. దానికి అడగాల్సిన ప్రశ్నలు కూడా వేరే:

- డిపాజిట్‌లో తిరిగి వచ్చేదెంత, రానిదెంత? విడివిడిగా రాయించుకోండి.
- ఉచితంగా ఇచ్చే పైపు ఎన్ని మీటర్లు? ఆపైన మీటరుకు ఎంత?
- మీటరు ఎక్కడ బిగిస్తారు? గాలి ఆడని అల్మారాలో, స్విచ్‌బోర్డు పక్కన వద్దు.
- ఇంట్లోకి వచ్చే చోట వాల్వు మీ చేతికి అందుతుందా? ఫ్రిజ్ వెనక్కి పోతే ఆపద వేళ పనికిరాదు.
- వంటింట్లో పైభాగాన వెంటిలేటర్ ఉందా? మీథేన్ పైకి లేస్తుంది కనుక కప్పు దగ్గర దారి కావాలి. ఎల్పీజీకి అయితే నేల దగ్గర గాలి పోయే దారి ఉండాలి. బండ నుంచి పైపుకు మారేవాళ్లు వదిలేసే అంశం ఇదే.

పని అయ్యాక లీకు పరీక్ష మీరే చేసుకోవచ్చు. పొయ్యి నాబ్‌లన్నీ మూసి, మీటరు వాల్వు తెరిచి ఉంచి, రీడింగ్ ఫోటో తీయండి. అరగంట తరువాత మళ్లీ తీయండి. చివరి అంకె కదిలితే ఎక్కడో కారుతున్నట్టే. కొత్తలోనే కాదు, అప్పుడప్పుడూ రాత్రి పడుకునే ముందు ఒక ఫోటో, పొద్దున ఒకటి తీసుకుంటే ఖర్చు లేని కాపలా.

జెట్: ఒక మిల్లీమీటరు ఇత్తడి రంధ్రం కథ

పొయ్యి నాబ్ వెనక, మిక్సింగ్ ట్యూబు మొదట్లో చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. దాని మధ్య రంధ్రం గుండానే గ్యాస్ అంతా దూసుకొచ్చి, దారిలో గాలిని లాక్కుని బర్నర్‌కు వెళుతుంది. ఎల్పీజీ వేడి ఎక్కువ, ఒత్తిడి 30. పీఎన్‌జీ వేడి తక్కువ, ఒత్తిడి 21. అదే వేడి రావాలంటే రంధ్రం వ్యాసం దాదాపు 1.4 రెట్లు కావాలి. ఎల్పీజీకి 0.7 మి.మీ. జెట్ ఉంటే పీఎన్‌జీకి సుమారు 1 మి.మీ. కావాలి. పది మిల్లీబార్ ఒత్తిడితో వచ్చే గోబర్ గ్యాస్‌కైతే రెండున్నర రెట్లు, అంటే 1.75 మి.మీ. దగ్గర.

ఎల్పీజీ జెట్ మార్చకుండా పీఎన్‌జీ కలిపితే మంట సన్నగా, చిన్నగా వస్తుంది, పప్పు ఉడకడానికి రెట్టింపు సేపు పడుతుంది. అది చికాకే తప్ప ప్రమాదం కాదు. పీఎన్‌జీ జెట్ ఉన్న పొయ్యికి బండ తగిలించడమే భయపడాల్సిన పని. మంట పసుపుపచ్చగా అడుగెత్తు లేచి, గిన్నెలు మసిబారి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. అద్దె ఇల్లు మారి పైపు లేని చోటికి పొయ్యి తీసుకెళ్లినవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. పాత జెట్‌లను చిన్న కవర్‌లో వేసి పొయ్యి అడుగున టేపుతో అంటించి ఉంచండి.

జెట్‌లను పిన్నీసుతోనో సూదితోనో కెలకకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. తీసి, వేడి సబ్బునీళ్లలో నానబెట్టి నోటితో ఊదితే చాలు. సొంతంగా డ్రిల్లుతో పెద్దది చేయడమూ వద్దు, రంధ్రం అంచు గరుకుగా ఉంటే గ్యాస్ వంకరగా పోయి గాలి సరిగా కలవదు.

మంటను చూసి రోగం చెప్పవచ్చు. కొసలు పసుపు తిరిగితే గాలి చాలట్లేదు: గాలి కంతకు సాలెగూడు పట్టిందో, బర్నర్‌లో పొంగినది ఎండిపోయిందో చూడండి. మంట రంధ్రాల నుంచి విడిపోయి పైన తేలుతూ చప్పుడు చేస్తే గాలి ఎక్కువ, లేదా ఒత్తిడి ఎక్కువ. "టప్" మని లోపలికి పోయి జెట్ దగ్గర మండితే ఒత్తిడి తక్కువ, లేదా బర్నర్ మూత సరిగా కూర్చోలేదు. వెంటనే కట్టేయండి, చల్లారాక సరిచేసి వెలిగించండి.

గోబర్ గ్యాస్: ముందు పశువుల్ని కాదు, పేడను లెక్కపెట్టండి

ఘనపు మీటరు గ్యాస్‌కు రోజుకు 25 కిలోల తాజా పేడ కావాలి. ఐదుగురి ఇంటికి రెండు ఘనపు మీటర్ల ప్లాంటు, అంటే 50 కిలోలు. నాటు ఆవు రోజుకు వేసేది 8–10 కిలోలు, గేదె 12–15. "మాకు నాలుగు గేదెలున్నాయి, చాలు" అని లెక్క వేస్తారు. అవి పగలంతా పొలంలో మేస్తే సగం పేడ గట్ల మీదే పోతుంది, దొడ్లో పడేది సగమే. ప్లాంటు కట్టే ముందు ఒక వారం పాటు ఉదయం ఎత్తిన పేడను తట్టతో తూచి రాయండి. ఆ సగటును 25తో భాగిస్తే మీకు సరిపోయే ప్లాంటు సైజు వస్తుంది. పెద్దది కడితే ఎక్కువ గ్యాస్ వస్తుందన్నది అపోహ, పేడ చాలక సగం ఖాళీగా పడి ఉంటుంది.

రకాలు రెండు. ఇనుప డ్రమ్ము పైకీ కిందికీ తేలే ఖాదీ కమిషన్ నమూనాలో ఒత్తిడి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, పొయ్యికి హాయి, కానీ డ్రమ్ము తుప్పు పడుతుంది, ఏటా రంగు వేయాలి. 1984లో వచ్చిన దీనబంధు నమూనా ఇటుక గుమ్మటంతో భూమిలోపలే ఉంటుంది, ఖర్చు తక్కువ, తుప్పు గొడవ లేదు. ఒత్తిడి మాత్రం పొద్దున ఎక్కువగా, వంట సాగేకొద్దీ తక్కువగా ఉంటుంది. గుమ్మటం కట్టడం అలవాటున్న మేస్త్రీ దొరికితే దీనబంధే మేలు. దొరక్కపోతే వద్దు, వెంట్రుకవాసి పగులున్నా గ్యాస్ నిలవదు, మట్టి కప్పాక పగులెక్కడో దొరకదు. సబ్సిడీ వివరాలకు ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థలను, అంటే ఆంధ్రలో ఎన్‌ఆర్‌ఈడీక్యాప్‌నూ (పాత పేరు నెడ్‌క్యాప్) తెలంగాణలో రెడ్కోనూ కట్టడానికి ముందే అడగాలి, కట్టేశాక కాదు.

చోటు: పొద్దంతా ఎండ పడాలి, పెద్ద చెట్ల వేళ్లు రాకూడదు, మంచినీళ్ల బావికి కనీసం 15 మీటర్ల దూరం, వంటింటికి 20 మీటర్లలోపు. గొట్టం ప్లాంటువైపు వాలి ఉండాలి, మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున. గ్యాస్‌లోని తేమ చల్లబడి నీరవుతుంది, వాలు లేకపోతే మధ్యలో నిలిచి మంట ఎగిరెగిరి పడుతుంది. వాలు కుదరని చోట అతి పల్లపు భాగంలో నీళ్లు వదిలే కుళాయి పెట్టి వారానికోసారి తెరవాలి.

మొదటి నింపుడు:

1. మన వేడికి పేడ 40 రోజులు లోపల ఉంటే చాలు. రోజుకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్ల లెక్కన నలభై రోజులకు 4,000 లీటర్లు. అంటే మొదట్లో రెండు టన్నుల పేడ కావాలి. నాలుగైదు ఇళ్ల పేడ మాట్లాడుకోండి, ఎండిన పిడకలు పనికిరావు.
2. పేడ, నీళ్లు సమానంగా కలిపి గడ్డి, రాళ్లు, ఇసుక ఏరేయండి. చేత్తో ఎత్తితే వేళ్ల సందుల్లోంచి జారాలి, నీళ్లలా కారకూడదు.
3. పనిచేస్తున్న ప్లాంటు నుంచి నాలుగైదు బిందెల పాత స్లర్రీ (గ్యాస్ పుట్టాక మిగిలే పేడ జావ) తెచ్చి పోయండి. పాలకు తోడు వేసినట్టే ఇది, దీంతో రోజులు కలిసొస్తాయి.
4. రెండు మూడు వారాలకు గ్యాస్ పుడుతుంది. తొలి గ్యాస్‌లో మండేది తక్కువ, వెలిగించినా ఆరిపోతుంది. దగ్గర్లో నిప్పు లేకుండా చూసి ఒకటి రెండుసార్లు బయటికి వదిలేయండి. ప్లాంటు నోటి దగ్గర అగ్గిపుల్ల గీసి పరీక్షించవద్దు, గొట్టం చివర పొయ్యి దగ్గరే వెలిగించాలి.
5. నీలి మంట నిలబడ్డాక రోజూ అదే వేళకు అదే కొలత వేయండి. ఒకరోజు వంద కిలోలు వేసి మర్నాడు మానేస్తే లోపల పులుస్తుంది.

ఒత్తిడి చూడటానికి దుకాణంలో పరికరం కొనక్కర్లేదు. మీటరున్నర పారదర్శక గొట్టాన్ని 'యు' ఆకారంలో పలక మీద బిగించి సగం నీళ్లు పోసి, ఒక కొసను పొయ్యి ముందున్న కుళాయికి తగిలించి, రెండో కొస తెరిచి ఉంచండి. రెండు వైపుల నీటిమట్టం తేడా 10 సెంటీమీటర్లుంటే ఒత్తిడి దాదాపు 10 మిల్లీబార్. కుళాయి కట్టేసినా పొద్దున 60 ఉన్నది రాత్రికి వాడకుండానే 20కి పడితే కారుతున్నట్టు. ప్లాంటు నిండుగా ఉన్నప్పుడు 60, 70 చూపించి, పొయ్యి వెలిగించగానే 5కి పడిపోతే మధ్యలో నీళ్లో చెత్తో అడ్డుపడినట్టు.

గోబర్ గ్యాస్‌కు దాని బర్నరే కావాలి. పాత ఎల్పీజీ పొయ్యి జెట్ పెద్దది చేసి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. కార్బన్ డయాక్సైడ్ వల్ల ఈ మంట మందకొడిగా మండుతుంది, ఎల్పీజీ బర్నర్ సన్న రంధ్రాల మీద నిలవక ఎగిరి ఆరిపోతుంది, ఆరిన పొయ్యిలోంచి గ్యాస్ పోతూనే ఉంటుంది.

గ్యాస్ తగ్గితే వెతకాల్సిన వరుస: ఈ వారం దొడ్డిని ఫినాయిల్‌తోనో డిటర్జెంట్‌తోనో కడిగారా? పశువులకు యాంటీబయాటిక్ వేశారా? లోపల గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవులు వీటితో చస్తాయి, మందు వేసిన పశువు పేడను కొన్నాళ్లు పక్కన పెట్టండి. పుల్లటి వాసన వస్తే వంటింటి చెత్త ఎక్కువైంది, నాలుగైదు రోజులు ఏమీ వేయకుండా ఆగి తరువాత పేడతోనే మొదలుపెట్టండి. పైన గడ్డి తెట్టు కట్టిందా? వెదురుగడతో పేడ పోసే ఇన్‌లెట్ గొట్టంలోంచి కలియబెట్టండి. డిసెంబరు, జనవరిలో గ్యాస్ తగ్గడం మామూలే, ఎండలో కాగిన నీళ్లతో పేడ కలిపితే కొంత నయం. ఇత్తడి గిన్నెలు నల్లబడుతూ బర్నర్ తినేస్తుంటే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైనట్టు, తుప్పుపట్టిన ఇనుప రజను నింపిన డబ్బా గుండా గ్యాస్ పోనిస్తే అది పట్టి ఉంచుతుంది.

బయటికొచ్చే స్లర్రీని వదిలేస్తే సగం లాభం పోయినట్టే. రెండు గుంతలు తవ్వి ఒకటి నిండుతుంటే ఇంకొకటి ఆరనివ్వండి, నత్రజని ఉన్న ఎరువు కలుపు విత్తనాల బెడద లేకుండా చేతికొస్తుంది. పశువులు లేకుండా వంటింటి చెత్తతోనే నడపాలనుకునే పట్నంవాళ్లకు మాత్రం చెప్పేదొకటే: రోజూ చెత్త తరిగి వేసే ఓపిక ఇంట్లో ఎవరికుందో పేరు పెట్టి తేల్చుకున్నాకే కొనండి.

పూడిక తీయాల్సి వస్తే ఎవరూ లోపలికి దిగకూడదు. ఖాళీగా కనబడినా అడుగున ఊపిరాడనివ్వని వాయువు ఉంటుంది, కాపాడబోయి రెండోవాళ్లు, మూడోవాళ్లు పోతారు. మూత తీసి రోజుల తరబడి గాలి ఆడనిచ్చి, పైనుంచే తోడే ఏర్పాటు చేయండి.

వాసన వస్తే

పది అడుగుల పొడవు, వెడల్పు ఉన్న వంటింట్లో వెలిగించకుండా వదిలేసిన ఒక పెద్ద బర్నర్ ఎల్పీజీ, నేల నుంచి అడుగెత్తు పొరలో ముప్పావు గంటలోపే పేలే స్థాయికి (దాదాపు 2 శాతానికి) చేరగలదు. నిలబడిన మనిషికి వాసన అందేసరికి పాదాల దగ్గర అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకే బండ ఇంట్లో వాసన తగిలితే:

1. స్విచ్ వేయకండి, ఆన్‌లో ఉన్నది ఆపనూ వద్దు. రెండింటిలోనూ నిప్పురవ్వ పుడుతుంది. ఫ్రిజ్ తలుపు కూడా ముట్టకండి.
2. పొయ్యి నాబ్‌లు, తరువాత రెగ్యులేటర్ కట్టేయండి. పైపు గ్యాస్ అయితే మీటరు దగ్గరి వాల్వు.
3. తలుపులు, కిటికీలు తెరవండి. ఎల్పీజీ అయితే వాకిలివైపు తలుపు తెరిచి నేల మీది గాలిని చీపురుతోనో చాపతోనో బయటికి తోయండి. పీఎన్‌జీ అయితే పై వెంటిలేటర్.
4. ఇంటి బయటికి వచ్చాకే ఫోను. ఎల్పీజీ లీకుకు 1906. పీఎన్‌జీకి మీ బిల్లు మీదున్న అత్యవసర నంబరు, దాన్ని ముందే ఇంట్లో అందరి ఫోన్లలో వేసి ఉంచండి.
5. బండ నుంచి లీకు ఆగకపోతే రెగ్యులేటర్ తీసి ప్లాస్టిక్ మూత నొక్కి, ఆరుబయటికి చేర్చండి. అందుకే ఆ మూతను దారంతో బండకే కట్టి ఉంచాలి, చెత్తబుట్టలో వేయకూడదు.

మామూలు రోజుల్లో లీకు వెతకడానికి సబ్బునురగే సాధనం. అతుకుల మీద పూస్తే బుడగ ఉబ్బుతుంది. అగ్గిపుల్ల ఎప్పుడూ కాదు.

గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లకు

నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లు కాచే గీజర్ ఒక పెద్ద బర్నర్‌కు ఐదారు రెట్ల గ్యాస్ తాగుతుంది, గంటకు దాదాపు 900 గ్రాములు. అంత మంటకు కావాల్సిన ఆక్సిజన్ మూసిన స్నానాలగదిలో ఉండదు, కొద్దిసేపట్లోనే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, కళ్లు తిరిగినట్టు అనిపించేలోపే మనిషి పడిపోవచ్చు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందని సరిపెట్టుకోకండి. గీజర్‌ను బాత్‌రూమ్ బయట, గాలి ఆడే బాల్కనీ గోడకు బిగించి వేడినీళ్ల గొట్టం మాత్రమే లోపలికి తెచ్చుకోవాలి. అలా బిగించే వీలు లేని ఫ్లాట్లలో ఎల్పీజీ అయినా పైపు గ్యాస్ అయినా గ్యాస్ గీజర్ వద్దు, కరెంటుదో సోలార్‌దో చూసుకోండి.